తేదీ వేయని రాజీనామా

విశాఖపట్నం,
పాతపోస్టాఫీసు దగ్గర,
24-11-1987, మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి గౌరీశ్వరికి ఎల్లారావు బాబాయి దీవించి రాసేది.

ఇక్కడ మేం క్షేమం అని రాయడం మర్యాద కనక రాస్తున్నాను. మీ మహాలక్ష్మమ్మ పిన్ని మోకాళ్ల నొప్పులు క్షేమం, నా దగ్గు క్షేమం, వంటింటి పైకప్పులో కారే చోటు కూడా ఎక్కడిదక్కడే క్షేమంగా ఉంది. ఉక్కునగరంలో నువ్వూ, అల్లుడుగారూ, పాపా బాగున్నారని తలుస్తాను. అల్లుడుగారికి ఈ నెలంతా నైట్ షిఫ్టులని రాశావు. పగలు ఆయన పడుకున్నప్పుడు రేడియో పెట్టకండి. రేవులో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసినవాణ్ని, ఆ బాధ నాకు తెలుసు.

నీ ఉత్తరం అంది ఇవాళ్టికి పన్నెండు రోజులు. జవాబు రాకపోయేసరికి బాబాయికి ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఉంటావు. ఒళ్లు గుండ్రాయిలా ఉంది. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపాను. పిన్ని చూసి చూసి, పొయ్యి రాజెయ్యడానికి ఈ కాగితాలు చాలు గానీ ఇక రాసేదేదో రాసి పడెయ్యమంది.

నువ్వు అడిగింది చిన్న సంగతే. వచ్చే నెలకి మన రేవు కళాసీల సంఘం పెట్టి పాతికేళ్లు నిండుతాయి. కొత్త భవనం గుమ్మం పక్కన పాలరాతి పలక పెట్టి, 1979లో మీ నాన్న అధ్యక్ష పదవికి ఇచ్చిన రాజీనామాని దాని మీద చెక్కించాలని కమిటీ తీర్మానం చేసింది. ఆ తీర్మానం కింద మొదటి సంతకం నాదే. నువ్వేమో ఇంకో అడుగు ముందుకేశావు. అచ్చు అక్షరాలు వద్దు, నాన్న చేతిరాతే రాతి మీద దిగాలి, అసలు కాగితం పంపితే చెక్కేవాడు దాన్ని అద్దుకుని అచ్చంగా అలాగే దింపుతాడు అని రాశావు. ఆలోచన అందరికీ నచ్చింది. నాకు మాత్రం అన్నం సహించడం మానేసింది.

ఆ కాగితం ఎక్కడుందని మీ నాన్నని అడిగితే, అది ఎల్లారావు దగ్గరే ఉంది, అతన్నే అడుగు అన్నారని రాశావు. ఎనిమిదేళ్లలో అచ్యుతరామయ్య నా పేరు పలికాడని వినడం ఇదే మొదలు. నీ పెళ్లికి నేను వచ్చి వెనక వరసలో కూర్చుంటే, అక్షింతలు పళ్లెం నా ముందుకి తెచ్చి, నా మొహం చూడకుండా పట్టుకుని నిలబడ్డ మనిషి. అలాంటివాడు ఇప్పుడు నా పేరు చెప్పి నిన్ను నా మీదికి పంపాడంటే, ఊరికే పంపలేదు. నేను చెప్పాల్సింది చెప్పమనే పంపాడు. ఆ సంగతి అర్థం కావడానికి నాకు పన్నెండు రోజులు పట్టిందనుకో. నిజానికి మొదటిరోజే అర్థమైంది. ధైర్యానికే పన్నెండు రోజులు పట్టింది.

ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో ఉత్తరం పక్కన పెట్టేస్తావేమోనని. ఆ పలక చెక్కించకూడదు. నీకు కోపం వస్తుంది. వచ్చాక కూడా చివరిదాకా చదువు.

మీ నాన్న రాజీనామాల పుస్తకం నీకు గుర్తుండే ఉంటుంది. ఓడ సరుకు లెక్కలు రాసే పాత టాలీ పుస్తకం ఒకటి తీసుకుని, అన్నం మెతుకులతో పత్రిక ముక్కలు అంటించేవాడు. లోకంలో ఎవరు కుర్చీ దిగినా అందులోకి రావాల్సిందే. రైలు పడిపోతే తప్పు నాదేనని దిగిన రైల్వే మంత్రి, ప్రేమ కోసం సింహాసనం వదులుకున్న ఇంగ్లీషు రాజు, జనం ఓటు కాదనగానే మర్నాడే ఇంటికెళ్లిపోయిన ఫ్రెంచి సైన్యాధిపతి, దొంగతనం బయటపడి దిగిన అమెరికా అధ్యక్షుడు. మన ఉక్కు ఉద్యమంలో రాజీనామాలు పారేసిన శాసనసభ్యులకి రెండు పేజీలు. ఏడువందల ఏళ్ల కిందట ఒక ముసలి పోపుగారు అయిదు నెలలకే నాకొద్దీ పదవి అని లేచిపోయాడట. తర్వాత వచ్చిన పోపు ఆయన్ని తీసుకెళ్లి గదిలో పెట్టి తాళం వేశాడట. మధ్యాహ్నం అన్నాల వేళ బస్తాల మీద కూర్చుని మీ నాన్న ఈ కథ చెబితే, అప్పలసూరి అనే కుర్రాడు, ఐతే దిగినా వదలరన్నమాట అని ముద్ద నోట్లో పెట్టుకుంటూనే నవ్వాడు. ఆ అప్పలసూరి గురించి ముందు ముందు రాయాలి.

మీ నాన్న ఒక మాట అంటుండేవాడు. "దిగినోళ్లు మూడు రకాలు. సిగ్గుతో దిగినోడు, కోపంతో దిగినోడు. మూడోవోడు ఉన్నాడే, తోసేత్తే పడి, నానే దిగేనని సెప్పుకున్నోడు." మూడో రకం వాళ్లకి ఆయన పుస్తకంలో జిగురు తక్కువ రాసేవాడు. గాలికి ఊడిపోయేవి.

ఈ పిచ్చిలోంచే మన సంఘంలో ఆ ఆచారం పుట్టింది. ఎన్నికల్లో గెలిచినరోజే కమిటీలో ప్రతివాడూ తన చేత్తో రాజీనామా రాయాలి. తేదీ వెయ్యకూడదు. కవర్లో పెట్టి, అంటించి, అతుకు మీద అడ్డంగా సంతకం చేసి కార్యదర్శికి ఇవ్వాలి. కార్యదర్శి వాటిని రేకు పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. ఆ మనిషి అడిగినప్పుడో, సర్వసభ్య సమావేశం అడిగినప్పుడో తప్ప తెరవకూడదు. ఎప్పుడైనా దిగడానికి సిద్ధంగా లేనివాడు అసలు ఎక్కకూడదని మీ నాన్న సిద్ధాంతం. పక్క సంఘాల వాళ్లు, పెళ్లిపీటల మీదే విడాకులు రాసుకుంటారట అని మమ్మల్ని ఏడిపించేవారు. మా కళాసీలు మాత్రం ఛాతీ విరుచుకు తిరిగేవారు. ఆ రేకు పెట్టె కార్యదర్శిగా నా దగ్గర ఉండేది.

ఇంకో పెట్టె కూడా ఉండేది. సంఘం ఆఫీసు గోడకి కొట్టిన ఫిర్యాదుల పెట్టె. దానికి రెండు తాళం చెవులు, ఒకటి మీ నాన్న దగ్గర, ఒకటి నా దగ్గర. ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో రాసి వెయ్యొచ్చు. తెలుగు, ఒరియా, ఉర్దూ ఏదైనా సరే. ఉర్దూ చీటీలొస్తే నేను కురుపాం మార్కెట్ దగ్గర అత్తరు కొట్టు ఖయ్యూం దగ్గరికి తీసుకెళ్లి చదివించుకునేవాణ్ని. ఆయన కళ్లజోడు తుడుచుకుని, చదివి, తెలుగులో చెప్పేవాడు. అలవాటైన పని.

1979 ఆగస్టు రెండో తారీఖున పెట్టె తెరిస్తే ఒక ఉర్దూ చీటీ ఉంది. గులాం మొహమ్మద్ రాసింది. ఆయన గేరు షెడ్డులో ఉండేవాడు. సరుకు ఎత్తే తాళ్లు, ఇనుప వైర్ల స్లింగులు చూసుకోవడం ఆయన పని. రంజాను నెల మొదలై వారమైంది. ఏటా ఆ నెలలో మన పాతబస్తీ వాళ్ల దగ్గర్నుంచి చీటీలు వచ్చేవి. ఉపవాసాలు కనక ఎండ షిఫ్టు మార్చమని. నేను ఏటా ఒకేసారి అందరివీ కలిపి షిఫ్టు గుమాస్తాకి చెప్పేవాణ్ని. ఇది కూడా అదే అనుకున్నాను. ఉర్దూ అక్షరాలు చూశాను, రంజాను నెల చూశాను, లోపల ఏముందో నాకు తెలిసిపోయిందనుకున్నాను. చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇంకో రెండు మూడు వచ్చాక ఖయ్యూం దగ్గరికి వెళ్దాంలే అనుకున్నాను.

అంతే గౌరీశ్వరీ. కుట్ర లేదు, లంచం లేదు. బద్ధకం కూడా పూర్తిగా కాదు. ఏటా వచ్చేదేగా అన్న నిశ్చింత ఒక మనిషిని తినేసింది.

ఆగస్టు పదమూడు సోమవారం, ఎరువుల ఓడ రెండో హేచ్‌లో, అంటే ఓడ కడుపులో సరుకు ఉండే గదిలో, స్లింగు తెగి బస్తాల మోపు కింద ఉన్నవాళ్ల మీద పడింది. ఇద్దరికి కాళ్లు విరిగాయి. అప్పలసూరి అక్కడికక్కడే పోయాడు. ఇరవై ఏడేళ్లు. పెళ్లయి నాలుగేళ్లు. భార్య పేరు పోతమ్మ. మీ నాన్న అప్పటికి మూడు రోజులుగా మద్రాసులో ఉన్నాడు, జీతాల చర్చలకని వెళ్లాడు. నేనే తంతి కొట్టాను. అప్పలసూరి పోయాడు, వెంటనే బయల్దేరు అని. అంతకుమించి తంతిలో రాయలేదు.

ఆ సాయంత్రమే గులాం మొహమ్మద్ ఆస్పత్రి మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు. నా చీటీ ఏం చేశారని అడిగాడు. నేను తిన్నగా సైకిలెక్కి ఖయ్యూం కొట్టుకి వెళ్లాను. పదకొండు రోజులు జేబులో ఉన్న చీటీ, ఒకసారి చాకలికి కూడా వెళ్లొచ్చింది. ఖయ్యూం దీపం దగ్గరగా పెట్టుకుని, గులాం మొహమ్మద్ రాసింది చదివి తెలుగులో చెప్పాడు. ఏడో నంబరు నుంచి పదో నంబరు దాకా వైరు స్లింగులు పోగులు తెగి ఉన్నాయి. నేను పక్కన పడేస్తే ఈ పని పట్టిన కాంట్రాక్టరు మనుషులు మళ్లీ తీసుకెళుతున్నారు. సంఘం పైవాళ్లతో మాట్లాడి వెంటనే ఆపించాలి. లేకపోతే మనిషి పోతాడు. ఇదీ చీటీ. తెగింది ఎనిమిదో నంబరు. ఖయ్యూం కింద తేదీ చూశాడు, నన్ను చూశాడు. చీటీ మడిచి నా చేతిలో పెట్టి, "రంజాను నెల ఎల్లారావ్. ఎవరైనా నన్ను అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే నా అంతట నేను చెప్పను" అన్నాడు. ఎవరూ అడగలేదు. నాలుగేళ్ల కిందట ఆయన పోయేదాకా నేను ఆ కొట్టు ముందు నుంచి వెళ్లలేదు.

మర్నాడు సంఘం ఆఫీసు ముందు ఆరొందల మంది పోగయ్యారు. అప్పలసూరిని కాల్చి తిన్నగా అక్కడికే వచ్చారు. గులాం మొహమ్మద్ లేచి, పన్నెండు రోజుల కింద చీటీ వేశానని అందరి ముందూ చెప్పాడు. పెట్టె ఎవరు తీశారని అరిచారు. బల్ల వెనక నేనొక్కణ్నే ఉన్నాను. నేను రెండు వారాల నుంచి డబుల్ డ్యూటీలు చేస్తున్నాను, పెట్టె తియ్యలేదు, రెండో తాళం చెవి అధ్యక్షుడి దగ్గరుంది అన్నాను. మీ నాన్న తీశాడని అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా అన్నాను. అదింకా నీచం.

జనం గొంతు మారిపోయింది. నాయకుడు మద్రాసులో ఇడ్లీలు తింటున్నాడు, ఇక్కడ మనం చావాలా అన్నారు. అంతలో ఎవరో, రేకు పెట్టె తెరవండి, ఆయన కవరు తియ్యండి అని కేకేశారు. ఆ గొంతు ఎవరిదో గుర్తులేదని ఎనిమిదేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఆ గొంతు నాదే. తల వంచుకుని అరిచాను. ఆ గోలలో ఎవరు అరిచారో ఎవరికీ తెలియలేదు. అవునవును తెరవండి అని ఆరొందల మందీ అందుకున్నారు.

పెట్టె తెచ్చి తాళం తీశాను. మీ నాన్న కవరు అన్నిటికన్నా పైన ఉంది. అతుకు మీద ఆయన సంతకం, చివర పొడుగు తోక లాగిన ఆ రామయ్య. చించి కాగితం బయటికి తీశాను. ఆ మాటలు వినిపించాను. నీకు కంఠతా వచ్చిన మాటలే, అయినా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

"మీరు ఈ కాగితం చూస్తున్నారంటే మనవాళ్లలో ఎవరికో ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది. ముందు ఆ ఇంటికి వెళ్లండి. నా కుర్చీ గురించి మాట్లాడుకోవద్దు. అది ఖాళీ అయిపోయింది."

అంతవరకు మీ నాన్నని తిట్టినవాళ్లు కండువాలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. గులాం మొహమ్మద్ ముందు నడిచాడు. ఆరొందల మందీ వెనకే పోతమ్మ ఇంటికి వెళ్లారు. చీటీ సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. కుర్చీలో ఉన్నవాడే బాధ్యత తీసుకుని దిగిపోయాక ఇంకేం అడుగుతారు? చీటీ నా జేబులోనే ఉంది.

పదిహేనో తారీఖు పొద్దున్న వాల్తేరు స్టేషన్లో మీ నాన్న మెయిలు దిగాడు. జెండా పండగ రోజు. రెండొందల మంది దండలతో నిలబడ్డారు. అప్పలసూరి పోయాడని తెలుసు గానీ తనకి దండలెందుకో ఆయనకి తెలీదు. మెడలో వేస్తుంటే తియ్యబోయాడు, వాళ్లు తియ్యనివ్వలేదు. ఒక్కొక్కడూ ఏడుస్తూ, నువ్వు రాసిన మాట మాట కాదు మాస్టారూ అంటున్నాడు. ఆయన అటూ ఇటూ చూసి నన్ను వెతుక్కున్నాడు.

ఆ వారం ఫిర్యాదుల పెట్టె తను తియ్యలేదని ఆయనకి తెలుసు కదా. తీసింది నేనేనని ఒక్క రోజులో గ్రహించి ఉంటాడు. అయినా నోరు విప్పలేదు. పదవి పోయింది, తప్పు ఆయన మీద పడింది, ఒక్క మాట అనలేదు. టాలీ పుస్తకం చంకన పెట్టుకుని మళ్లీ రేవులో బెర్తు మీద పనికి వెళ్లాడు. అదే నెలలో ఇంకో ప్రధానమంత్రి ఇరవై మూడు రోజులకే దిగిపోతే, పుస్తకంలోకి పనికొస్తుందని పత్రిక తీసుకుని నేనే వెళ్లాను. చూసి, నాకేం పని లేదా అన్నట్టు పక్కన పెట్టేశాడు. ఆ పుస్తకంలో తర్వాత ఏమీ అతకలేదని నీకూ తెలుసు. మిగతా సంఘాల వాళ్లు సభలకి పిలిచి ఆ నాలుగు వాక్యాలూ ఆయన నోటి వెంటే చెప్పించుకునేవారు. ఆయన లేచి, చేతులు కట్టుకుని, బడిపిల్లాడు పద్యం ఒప్పజెప్పినట్టు ఒక్క అక్షరం తప్పకుండా చెప్పి కూర్చునేవాడు. వెనక నిలబడి వింటుంటే నాకు చెమటలు పట్టేవి. రిటైరైన వారానికే సబ్బవరం వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ఎనిమిదేళ్లుగా కూర్చునే ఉన్నాను.

ఇప్పుడు చేసిందేమిటో చెబుతాను. మొన్న ఆదివారం చెంగలరావుపేటలో పోతమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ వాకిట్లో కూర్చుని చేపలు తోముతోంది. పీట వెయ్యబోతే వద్దని నేల మీదే కూర్చున్నాను. జేబులో చీటీ సంగతి మొత్తం చెప్పాను. చెప్పినంతసేపూ ఆవిడ చేతులు ఆగలేదు. చెప్పడం అయ్యాక, ఆ కాయితం ఇచ్చుంటే ఆయన బతికేవాడా అని అడిగింది. తెలీదమ్మా అన్నాను. అప్పుడు తలెత్తింది.

"తెలీదనకు. తెలీదంటే నాకు నిద్దరట్టదు. అవునను, కాదను, ఏదో ఒకటి సెప్పు."

అవును, బతికేవాడు అన్నాను. ఆవిడ చేపల నీళ్లు పారబోసి, ఇంక ఎల్లు అంది. తిట్టి ఉంటే బాగుండేది. నేను గుమ్మం దాటేదాకా లోపలికి వెళ్లకుండా అక్కడే నిలబడింది.

నిన్న కమిటీకి రాజీనామా ఇచ్చాను, తేదీ వేసి మరీ. వాళ్లు నవ్వారు. రజతోత్సవం ముందు బతిమాలించుకోవడానికి ఇస్తున్నానని ఇప్పటి కార్యదర్శి త్రినాథరావు అనుకున్నాడు. టీ తెప్పించి బుజ్జగించాడు. ఈ వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో చీటీ చేత్తో పట్టుకుని, అందరి ముందూ మొత్తం చెబుతాను. కొడితే కొడతారు. గులాం మొహమ్మద్ ఇంకా ఉన్నాడు, ఆయన్ని ముందు వరసలో కూర్చోబెడతాను. మీ నాన్న చెప్పిన మూడు రకాల్లో నేను ఏ రకమో ఆలోచించాను. సిగ్గుతో దిగినవాణ్ని అని రాసుకుందామంటే, ఎనిమిదేళ్లు ఆలస్యమైన సిగ్గుకి ఆయన పుస్తకంలో చోటు ఉండదు.

అందుకే పలక వద్దంటున్నాను. అది ఆయన అడక్కుండా నేను తెరిచిన కవరు. నా తప్పు కప్పుకోవడానికి తీసిన కాగితం. దాన్ని గుమ్మం పక్కన పెట్టి దాని పక్కనుంచి రోజూ ఆరొందల మంది నడిస్తే, అప్పలసూరి ఆత్మ క్షమించదు. కావాలంటే అప్పలసూరి పేరు చెక్కించండి. పేరు, ఊరు, పోయిన తేదీ. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించాలో వద్దో నీ ఇష్టం. చూపిస్తే, నేను కాళ్లు పట్టుకోవడానికి రమ్మంటే వస్తానని చెప్పు. రావద్దంటే రాను. పాపకి నా ముద్దులు. మీ పిన్ని ఎండు మెత్తళ్లు పంపుతోంది, అల్లుడుగారు ఇష్టంగా తింటారట.

ఇట్లు,
క్షమించమని అడిగే ముఖం లేని
నీ బాబాయి,
ఎల్లారావు.

తా.క.: కవరు అంటించి, మళ్లీ ఆవిరి పట్టి తెరిచాను. పైన రాసిందంతా నిజమే. కానీ నువ్వు అడిగిన కాగితం గురించి మాత్రం తప్పించుకున్నాను. చూడు, పైన ఎక్కడా నేను "చదివాను" అని రాయలేదు. ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ కాగితం ఇందులోనే పెడుతున్నాను. రెండు వైపులా తిప్పి చూడు. మీ నాన్న అంటించి, అడ్డంగా సంతకం చేసి ఇచ్చిన కవర్లో ఉన్నది ఇదే. తెల్లకాగితం. మా అందరి చేతా రాయించినవాడు తను రాయలేదు. రాయలేకపోయాడో, రాద్దామని మర్చిపోయాడో, ఆ కుర్చీ అంటే ఆయనకీ అంత ప్రేమో నాకు తెలీదు. నేను అడగలేదు.

ఆరొందల మంది ముందు దాన్ని విప్పి చూసినప్పుడు నాకు రెండు క్షణాలు పట్టింది. తెల్లకాగితమని చెబితే ఆయన పరువు పోతుంది, కానీ పరువు పోయినవాడికి భయముండదు. వచ్చి ఫిర్యాదుల పెట్టె ఎవరు తీశారో తేల్చేస్తాడు. అదే ఆయన గొప్పగా రాసినట్టు వినిపిస్తే, అది తను రాయలేదని ఈ జన్మలో అనలేడు. ఇదంతా నిలబడ్డ చోటే లెక్క కట్టుకుని నోరు తెరిచాను గౌరీశ్వరీ. నువ్వు రాతి మీద చెక్కిద్దామన్న ఆ నాలుగు వాక్యాలూ నావి. ఆయన నోటికి నేను వేసిన తాళం అవి. ఈ సంగతి ఆదివారం సభలో చెప్పను. మీ ఇద్దరికే వదిలేస్తున్నాను. ఎల్లారావుని అడుగు అన్నప్పుడు, ఇదే నీకు తెలియాలని ఆయన అనుకున్నాడని నా నమ్మకం.

ఆ రోజు స్టేషన్లో దండలు వేశాక ఆయన నన్ను మంచినీళ్ల పంపు దగ్గరికి తీసుకెళ్లాడు. పెట్టె సంగతి అడుగుతాడని, చెంప మీద కొడతాడని నిలబడ్డాను. అడగలేదు. కొట్టలేదు. జనం వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"నానేటి రాసినానో ఓపాలి సెప్పు, ఎల్లారావూ."

చెప్పాను. నోటికొచ్చేదాకా మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.